కాగితం లేని కాపురాలు: సైదాబాద్‌లో కాలనీ, బస్తీల చరిత్ర

హైదరాబాద్ మీద చరిత్ర పుస్తకాలకు కొదవ లేదు. కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు, దేవిడీలు, తోటలు, బావులు, వంటలు, అన్నిటి మీదా రాసినవాళ్ళున్నారు. గత ముప్పై ఏళ్ళలో దీనికి ఇంకో రకం చరిత్ర తోడయింది. అది పత్రికల స్థిరాస్తి పేజీల్లో అచ్చవుతుంది. ఒకప్పుడు ఇక్కడ పొలాలుండేవి, గజం ఇంతకు పోయేది, ఇప్పుడు ఇంతకు పోతున్నది అనేదే ఆ చరిత్రలో కథ. మొదటి రకం చరిత్ర కట్టించినవాడి వైపు నుంచి చూస్తుంది. రెండోది కొన్నవాడి వైపు నుంచి చూస్తుంది. కట్టినోళ్ళు, కొనలేనోళ్ళు, కాగితం లేకుండా ఆ జాగలో మూడు తరాలు బతికినోళ్ళు ఈ రెండిట్లోనూ కనపడరు. వాళ్ళలో ఎక్కువమంది ఎవరో ఈ పత్రిక చదివేవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ వ్యాసానికి సైదాబాద్‌ను తీసుకోవడానికి కారణముంది. ఇది పాతబస్తీకి తూర్పు అంచు. ఒకవైపు చంచల్‌గూడ జైలు, ఒకవైపు సరూర్‌నగర్ చెరువు, పైన మలక్‌పేట దాటితే మూసీ. మధ్యలో నాగార్జునసాగర్ వైపు పోయే రోడ్డు. నగరం పెరిగినప్పుడల్లా ఇక్కడి నేల చేతులు మారింది. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారింది అన్నదే మన ప్రశ్న.

ముందు పేర్లు చూద్దాం. రెవెన్యూ రికార్డు అబద్ధమాడినా ఊరి పేరు అంత తొందరగా అబద్ధమాడదు. ఈ చుట్టుపక్కల మూసారాంబాగ్, అక్బర్‌బాగ్ ఉన్నాయి. బాగ్ అంటే తోట. తోట అంటే దొరది. మూసారాం అసలు మన రాముడు కాదు, 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని మాన్స్యూర్ రేమండ్. కుర్మగూడ ఉంది. గొర్రెలు కాసుకునే కుర్మల పేరు అందులో మిగిలింది. పూసల బస్తీ ఉంది. పిల్లి గుడిసెలు అనే పేరుంది. పేరులోనే ఇల్లెట్లాంటిదో చెప్పేశారు. ఆ తరువాత వచ్చినవి సైదాబాద్ కాలనీ, ఎల్ఐసీ కాలనీ, వినయ్‌నగర్ కాలనీ. తోటలకు దొరల పేర్లు, గూడేలకు కులాల పేర్లు, కాలనీలకు ఆఫీసుల పేర్లు. ఈ వరసలోనే నగరపు భూచరిత్ర సగం ఉంది.

కాలనీ అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. పల్లె నుంచి వచ్చిన మనకు ఈ మాట ఇంకో రకంగా వినపడుతుంది. ఊళ్ళో 'కాలనీవోళ్ళు' అంటే మాల మాదిగలు. సాంఘిక సంక్షేమశాఖ ఊరవతల కట్టించిన హరిజన కాలనీ, తరువాత బలహీనవర్గాల కాలనీ, 2006 తరువాత ఇందిరమ్మ కాలనీ. ఊరి పెద్దలు కులం పేరు పెట్టి తిట్టడానికి చట్టం అడ్డమొచ్చినప్పుడు 'కాలనీ' అని మర్యాదగా తిట్టడం నేర్చుకున్నారు. నేను మొదటిసారి ఈ నగరానికొచ్చి, అద్దె గదుల కోసం తిరుగుతూ, 'మాది కాలనీ, బస్తీ కాదు' అని ఒక పెద్దమనిషి గర్వంగా చెప్తే అర్థం కాలేదు. మా ఊళ్ళో తలొంచుకుని చెప్పే మాట ఇక్కడ తలెత్తుకుని చెప్తున్నరు! ఇక్కడ వెలివాడ పేరు బస్తీ. ఊళ్ళోనేమో అదే కాలనీ. మాటలు తారుమారైనా మధ్యలో గీత మాత్రం అక్కడే ఉంది.

ఆ గీత పాతది. నిజాం కాలంలో నగరం చుట్టుపక్కల భూములు సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఖర్చుల ఇలాకా, పాయిగాలు, జాగీర్లు అని చీలి ఉండేవి. మలక్‌పేట ఎత్తు మీద ఆస్మాన్‌గఢ్, అవతల సరూర్‌నగర్ మేడ, రెండూ పాయిగా నవాబు ఆస్మాన్‌జా వైభవానికి గుర్తులు. భూమి యజమాని దూరంగా దేవిడీలో ఉంటే భూమిని నడిపినోళ్ళు ఊరి చివర ఉన్నారు. తూము తిప్పి చెరువు నీళ్ళు పంచే నీరడి, కబురు మోసే బేగారి, సేత్‌సింధి, తలారి. తెలంగాణ ఊళ్ళలో ఈ పనులు చాలాచోట్ల మాల మాదిగలవే. వెట్టికి బదులు వాళ్ళకు కాస్త ఇనాం చెక్క ఉండేది. ఆ చెక్క మీద హక్కు పనికి కట్టేసి ఉండేది గానీ మనిషికి కాదు. చెరువు కింద సాగున్నంతకాలం నీరడి ఉన్నాడు. ఆయకట్టు ప్లాట్లయినప్పుడు నీరడి పనే లేకుండా పోయింది. పని పోతే చెక్క మీద మాటెవరు నిలబెడతారు? 1949లో సర్ఫెఖాస్ దివానీలో కలిసింది, అదే ఏడు జాగీర్లు రద్దయ్యాయి, 1955లో తెలంగాణ ఇనాముల రద్దు చట్టం వచ్చింది. చట్టాలన్నీ మంచివే. కాని ప్రతి చట్టమూ దరఖాస్తు అడుగుతుంది, సాక్ష్యం అడుగుతుంది, పహాణీ నకలు అడుగుతుంది. పట్వారీ చేతిలో ఉన్న పుస్తకంలో తన పేరుందో లేదో చదువుకోలేని మనిషికి రద్దయిన ఇనాం దక్కడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. జాగీర్దారు మాత్రం చదువుకున్నవాడే, వకీలున్నవాడే. పైగా ఆయనకు నష్టపరిహారం కూడా ఉంది.

ఇక నది సంగతి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. ఆ వరద తరువాతే విశ్వేశ్వరయ్య వచ్చాడు, గండిపేట (ఉస్మాన్‌సాగర్), హిమాయత్‌సాగర్ వచ్చాయి. మట్టి గోడలు కొట్టుకుపోయిన ఒడ్డు మీదనే హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి లేచాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు వాడలను పడగొట్టి, రోడ్లు వెడల్పు చేసి, ఇళ్ళు కట్టి అద్దెకిచ్చింది. మలక్‌పేట అట్లా పెరిగిన చోట్లలో ఒకటి. బోర్డు పేదలకూ ఇళ్ళు కట్టింది, ఆ మాట దాచిపెడితే అన్యాయం. అయితే వాడ పడగొట్టినప్పుడు ఎవరెవరు లేచిపోయారు, కొత్త ఇంట్లోకి ఎవరెవరు వచ్చారు, ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి కులం వారీగా చూసిన చరిత్రకారుడు లేడు. నగరాన్ని అందంగా చేయడం, నగరం నుంచి మనుషుల్ని తీసేయడం ఒకే పనిగా మొదలైన సంవత్సరాలవి.

సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే నదికి అవతలి ఒడ్డున ఇంకో చరిత్ర నడిచింది. మాదరి భాగయ్య, అంటే మన భాగ్యరెడ్డి వర్మ, 1906లో జగన్‌మిత్ర మండలి పెట్టాడు. 1910 నుంచి బడులు తెరిచాడు, 1911లో మన్యసంఘం అన్నాడు. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ లేచింది. ఆయన పోరాటాన్ని సంస్కరణోద్యమంగా, మద్యం మాన్పించడం, జోగిని ఆచారం ఆపడం, బడులు పెట్టడం అనే లెక్కలో చెప్పడం మనకు అలవాటు. నా దృష్టిలో ఆది హిందూ అనే పేరే ఒక భూమి దస్తావేజు. ఈ నేలకు మొదటి మనుషులం మేము, తరువాత వచ్చినవాళ్ళు మీరు అని చెప్పే పేరు అది. 1931 జనగణనలో నిజాం ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుని రాసుకుంది. జనగణన పుస్తకంలో ఆదివాసులైనవాళ్ళు రెవెన్యూ పుస్తకంలో మాత్రం ఎక్కడా లేరు. ఒకే సర్కారు, రెండు పుస్తకాలు. పి.ఆర్. వెంకటస్వామి 1955లో తమ పోరాట చరిత్రను ఇంగ్లీషులో రెండు సంపుటాలుగా అచ్చేసి పోకపోతే, ఆ కాలపు సభలు, కొట్లాటలు, చీలికల సంగతి కూడా మనకు ఇంత దక్కేది కాదు.

1956లో హైదరాబాద్ ఆంధ్రప్రదేశ్ రాజధాని అయింది. కర్నూలు నుంచి ఆఫీసులు తరలివచ్చాయి. ఉద్యోగులకు ఇళ్ళు కావాలి. మలక్‌పేట, సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్ వైపు పొలాలు ప్లాట్లయ్యాయి. హౌసింగ్ సొసైటీలు పుట్టాయి. సొసైటీలో సభ్యుడు కావాలంటే ఉద్యోగం ఉండాలి, ఉద్యోగానికి చదువుండాలి, చదువెవరికుందో తెలిసిందే. కులం అని ఎక్కడా రాయకుండానే కులవాడలు ఏర్పడటానికి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. బైలాలు తిరగేస్తే అన్నీ సహకారం, సమానత్వం! 1969లో తెలంగాణ ఉద్యమం ముల్కీ ఉద్యోగాల గురించి లేచినప్పుడు భూములు ఎవరు కొంటున్నారన్న కోపం కూడా అందులో కలిసే ఉంది. కాని ఆ కోపంలో ఆంధ్రోడు, తెలంగాణోడు అనే లెక్కే నడిచింది. తెలంగాణోడిలో అమ్మినోడెవరు, అమ్మడానికి ఏమీ లేనోడెవరు అనే లెక్క ఎవరూ తీయలేదు.

రిజర్వేషన్లతో ఉద్యోగాలొచ్చిన మనవాళ్ళు కొందరు 1970ల నుంచి కాలనీల్లోకి వచ్చారు. అది చిన్న విషయం కాదు. మొదటి తరం గుమాస్తా, టీచరు, బ్యాంకు ఉద్యోగి పి.ఎఫ్. లోను తీసుకుని నూటయాభై గజాల్లో ఇల్లు కట్టుకోవడం మన చరిత్రలో పెద్ద ఘటనే. కాని ఆ ఇంటి తలుపు మీద ఇంటిపేరు రాసుకోలేకపోయారు. పక్కింటివాళ్ళు 'మీరేమిటోళ్ళండీ' అంటే నవ్వి మాట మార్చారు. ఏప్రిల్ 14న బస్తీలో జెండా ఎగరేయడానికి స్కూటరేసుకుని వచ్చి, సాయంత్రానికి మళ్ళీ కాలనీకి పోయారు. వాళ్ళను తప్పు పట్టడం సులువు. ఇంటిపేరు రాస్తే ఏమవుతుందో వాళ్ళకు మనకంటే బాగా తెలుసు.

అద్దె ఇళ్ళ దగ్గర ఇది ఇంకా పచ్చిగా ఉంటుంది. 'వెజిటేరియన్లకు మాత్రమే' అనే బోర్డు చదవడం నగరంలో ప్రతి దళిత విద్యార్థికీ మొదటి పాఠం. తినేదాని మీద ఆంక్షలాగా కనపడుతుంది, పుట్టుక మీద ఆంక్షలాగా పనిచేస్తుంది. సుఖదేవ్ థోరట్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఢిల్లీ చుట్టుపక్కల నగరాల్లో అద్దె ఇళ్ళ మీద చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. దళితులకు, ముస్లింలకు ఇల్లు నిరాకరించడం, ఇచ్చినా షరతులు పెట్టడం, అద్దె ఎక్కువ అడగడం అందులో నమోదయ్యాయి. హైదరాబాద్‌లో అట్లాంటి పని వీధి వీధికీ చేయాలి. స్థిరాస్తి ప్రకటనల్లో 'నూరు శాతం వాస్తు' అని ఉంటుంది. ఊళ్ళో మన వాడ ఏ దిక్కునుండేదో, గాలి ఎటునుంచి వీచేదో గుర్తు తెచ్చుకుని ఆ ప్రకటన చదవాలి.

ఇప్పుడు బస్తీకి వద్దాం. బస్తీ ఒక్కరోజులో పుట్టదు. మేస్త్రీ పని, మట్టి పని, సఫాయి పని, ఇళ్ళల్లో పాచి పని కోసం వచ్చినోళ్ళు పని దగ్గరే ఉండాలి. కాలనీకి పనిమనిషి పొద్దున ఆరింటికి కావాలి, ఆమె గుడిసె మాత్రం కనపడొద్దు. నాలా పక్కన, చెరువు షికంలో, నది గట్టున, ఎవరిదో తెలియని సర్కారీ జాగలో నాలుగు కర్రలు పాతుకుంటరు. ఎవడో లీడరు వచ్చి గుడిసెకింత అని వసూలు చేసి నోటరీ కాగితం రాసిస్తడు. చట్టం ముందు ఆ కాగితానికి విలువ లేదు. మరి విలువ ఉన్నవేంటి? రేషన్ కార్డు, కరెంటు బిల్లు, ఓటరు జాబితాలో పేరు, నల్లా బిల్లు. ఇవి ఒకదాని తరువాత ఒకటి సంపాదించడమే బస్తీలో ఒక తరం రాజకీయం. చదువుకున్నవాళ్ళు దీన్ని ఓటుబ్యాంకు అని ఈసడిస్తారు. ఓటు తప్ప వేరే పట్టా లేనివాడు ఓటును పట్టాలాగా వాడుకుంటాడు, ఇందులో వింతేముంది?

బస్తీ పేర్లు కూడా అట్లా పెట్టుకున్నవే. నగరమంతటా ఇందిరానగర్లు, సంజయ్‌గాంధీ నగర్లు, ఎన్టీఆర్ నగర్లు ఎందుకున్నాయి? భక్తితో కాదు. కూల్చడానికి వచ్చే అధికారి బోర్డు చదివి ఒక నిమిషం ఆగుతాడని. అంబేద్కర్ నగర్‌లో ఆ లెక్కతో పాటు ఇంకొకటి కూడా ఉంది. అంబేద్కర్ విగ్రహం, పోచమ్మ గుడి, మైసమ్మ రాయి, రేకుల చర్చి, ఇవి బస్తీ పాతిన హద్దురాళ్ళు. విగ్రహం పెట్టిన ఏడాది, మొదటి బోనాలు తీసిన ఏడాది అడిగితే ముసలమ్మలు టక్కున చెప్తరు. కోర్టులో సాక్ష్యం కాకపోవచ్చు గానీ, చరిత్ర రాసేవాళ్ళకు అంతకంటే గట్టి తేదీలు దొరకవు.

ప్రభుత్వం అసలేమీ చేయలేదని కాదు. 1967లో హైదరాబాద్‌లో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ మొదలైంది. దాని కింద కొన్ని బస్తీలకు పట్టాలిచ్చి ఇళ్ళు కట్టించారు. 1980లలో బ్రిటన్ సాయంతో స్లమ్ ఇంప్రూవ్‌మెంట్ ప్రాజెక్టు కింద సిమెంటు రోడ్లు, మోరీలు వచ్చాయి. 1985లో బొంబాయి పేవ్‌మెంట్ వాసుల కేసులో సుప్రీంకోర్టు, బతుకుదెరువు కూడా జీవించే హక్కులో భాగమే అన్నది. ఆ మాట మన సభల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో! అదే తీర్పు, నోటీసిచ్చి తీసేయొచ్చు అని కూడా అన్నది. ఆ రెండో సగమే ఎక్కువ అమలైంది.

అసలు అన్యాయం ఎక్కడుందో చూడాలంటే క్రమబద్ధీకరణ జీవోలను పక్కపక్కన పెట్టి చదవాలి. అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు కొన్నవాళ్ళ కోసం, ప్లాను మీరి అంతస్తులు లేపినవాళ్ళ కోసం 2007 డిసెంబర్ 31న 901, 902 జీవోలు వచ్చాయి. ఎల్ఆర్ఎస్ మళ్ళీ 2015లో వచ్చింది, 2020లో మళ్ళీ వచ్చింది. డబ్బు కట్టు, సక్రమమవుతుంది. గుడిసెవాళ్ళ కోసం 2014 డిసెంబర్ 30న 58వ జీవో వచ్చింది. 2014 జూన్ 2కు ముందు నుంచి సర్కారీ జాగలో ఉన్న నిరుపేదకు 125 గజాల దాకా ఉచితం. మంచి జీవో, దాంతో పట్టాలొచ్చిన కుటుంబాలున్నాయి. కాని చెరువు, నాలా, నది ఒడ్డు అభ్యంతరకరమైన జాగలు, అవి దీని కిందికి రావు. నగరం పేదవాడికి వదిలిపెట్టిందే చెరువు, నాలా, నది ఒడ్డు కదా! ఇద్దరూ నిబంధన మీరినవాళ్ళే. ఒకరిది 'డీవియేషన్', ఇంకొకరిది 'కబ్జా'. ఒకరికి ఫీజు, ఇంకొకరికి బుల్డోజరు. భాషలోనే శిక్ష ఖరారైపోతున్నది.

సైదాబాద్‌లోనే సింగరేణి కాలనీ ఉంది. పేరుకు కాలనీ, బతుకుకు బస్తీ. ఈ వ్యాసంలో నేను గీసిన గీత ఆ ఒక్క పేరులో అడ్డంగా పడి ఉంది. బొగ్గు కంపెనీ పేరున్న ఆ జాగలో నల్గొండ, మహబూబ్‌నగర్ తండాల నుంచి వచ్చిన లంబాడీలు, దళితులు, ఇతర పేదలు గుడిసెలేసుకున్నరు. వాంబే పథకం కింద కొన్ని ఇళ్ళు కట్టారు. ఆటో తోలేటోళ్ళు, చెత్త ఏరేటోళ్ళు, పక్క కాలనీల్లో పనిచేసే ఆడోళ్ళు అక్కడుంటరు. 2021 సెప్టెంబర్‌లో అక్కడ ఆరేళ్ళ గిరిజన పాపపై అత్యాచారం చేసి చంపేసినప్పుడు మొత్తం రాష్ట్రం ఆ పేరు విన్నది. నాయకులు వచ్చారు, కెమెరాలు వచ్చాయి. అప్పుడు బయటపడిన సంగతులు, వీధిదీపాలు లేకపోవడం, గంజాయి, తలుపు సరిగా పడని గదులు, అక్కడివాళ్ళకు కొత్తవి కావు. పత్రికల్లో ఆ బస్తీ నేరానికి నిలయంగా కనపడింది. రెండు వీధులవతల అదే వారం ఫ్లాట్ల ప్రకటనల్లో సైదాబాద్ 'ప్రశాంత వాతావరణం' గల ప్రాంతం. 2018 సెప్టెంబర్‌లో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో నడవడం మొదలైన దగ్గర్నుంచి మలక్‌పేట, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్ల పేర్లు ప్రతి ప్రకటనలోనూ ఉంటున్నాయి. స్టేషన్‌కు ఎన్ని నిమిషాలో రాస్తారు. బస్తీకి ఎన్ని అడుగులో రాయరు.

పిల్లి గుడిసెల కథతో నది మళ్ళీ వస్తుంది. చంచల్‌గూడ దగ్గర పిల్లి గుడిసెల బస్తీని తీసేసి డబుల్ బెడ్‌రూం ఇళ్ళు కట్టారు. 288 ఇళ్ళు, 2021 ఆగస్టులో ప్రారంభించారు. గుడిసె ఉన్నచోటే పక్కా ఇల్లు ఇవ్వడం, ఇంటి ఆడమనిషి పేరు మీద ఇవ్వడం, ఇది మనం ఎప్పట్నుంచో అడుగుతున్నదే. వంకలు పెట్టడానికి నాకు మనసొప్పదు. లిఫ్టు చెడిపోతే తొమ్మిదో అంతస్తు ముసలామె ఎట్లా దిగుతుంది, మేక ఎక్కడ కట్టేస్తుంది, తోపుడు బండి ఎక్కడ పెట్టుకుంటుంది అనే ప్రశ్నలు ఇట్లాంటి కట్టడాలన్నిట్లో ఉన్నవే, అవి వేరే వ్యాసానికి. ఇక్కడ చెప్పాల్సింది వేరే.

2024 సెప్టెంబర్ చివరలో మూసీ సుందరీకరణ పేరుతో నది ఒడ్డు ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్బీ-ఎక్స్' అని రాసుకుంటూ పోయారు. చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్, శంకర్‌నగర్ అందులో ఉన్నాయి. ముస్లింలు, దళితులు, బీసీ కులాల కూలీలు కలిసి బతికే వాడలవి. అక్టోబర్ మొదట్లో కూల్చివేతలు మొదలయ్యాయి. అక్కడి కొన్ని కుటుంబాలను పిల్లి గుడిసెల డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు తరలించారు. ఒక బస్తీ పేరు మీద లేచిన ఇళ్ళలోకి ఇంకో బస్తీ మనుషులు వచ్చారన్నమాట. వచ్చినోళ్ళలో కొందరికి అక్కడ కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు, కొనుక్కున్న కాగితాలు కూడా ఉన్నాయి. నది హద్దు ఎక్కడో సర్కారు ఇప్పుడు గీసుకుంటే, నిన్నటిదాకా పన్ను కట్టించుకున్న ఇల్లు ఈరోజు నదిలోకి పోయింది. 1908 తరువాత ఒడ్డు మీద ఏం లేచాయో పైన చెప్పుకున్నాం. ఈసారి ఏం లేస్తాయో ప్రణాళికల్లో బొమ్మలు వేసి చూపించారు. నడక బాటలు, దుకాణాలు, దీపాలు ఉన్నాయి. ఆ బొమ్మల్లో నడుస్తున్న మనుషులెవరో, వాళ్ళు ఏ కాలనీ నుంచి వస్తారో ఊహించడం కష్టం కాదు.

డబుల్ బెడ్‌రూం ఇంటికి ఇచ్చే కాగితం అమ్ముకోవడానికి లేదు, కిరాయికివ్వడానికి లేదు. 1977 అసైన్డ్ భూముల చట్టం కూడా దళితుడికిచ్చిన భూమి చేతులు మారొద్దనే చెప్పింది, మంచి ఉద్దేశంతోనే. దాని ఫలితం నగర శివార్లలో చూశాం. భూమి ధర పెరిగినప్పుడు పక్క పట్టాదారు కోటీశ్వరుడయ్యాడు. అసైన్డ్ రైతు దగ్గర్నుంచి సర్కారు 'ప్రజా ప్రయోజనం' కోసం భూమి వెనక్కి తీసుకుంది. మన చేతికి వచ్చే కాగితం ఎప్పుడూ షరతుల కాగితమే. బ్యాంకు దాన్ని చూసి లోనివ్వదు, బిడ్డ చదువుకు తాకట్టు పెట్టుకోలేం. పూర్తి హక్కు ఇస్తే మూడు నెలల్లో ఏ బిల్డరో కొనేసుకుంటాడన్న భయం నిజమే. ఆ భయాన్ని చూపించి హక్కును సగమే ఇవ్వడం సరైందేనా అన్నదాని మీద మన ఉద్యమాల్లో ఇంకా గట్టి చర్చ జరగలేదు. జరగాలి.

చివరగా, బస్తీల్లో పనిచేసే కార్యకర్తలకు, పి.హెచ్.డి. చేస్తున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక పని చెప్తాను. ఇల్లు ఖాళీ చేసి పోయేటప్పుడు జనం పాత కాగితాలు పారేస్తున్నరు. నోటరీ కాగితాలు, చిరిగిన రేషన్ కార్డులు, గుడిసె గణన చీటీలు, నల్లా కనెక్షన్ రసీదులు, బస్తీ సంఘం మినిట్స్ పుస్తకాలు, విగ్రహావిష్కరణ కరపత్రాలు. కొత్త ఇంట్లో వీటితో పనేముంది అనుకుంటున్నరు. సైదాబాద్ తహసీల్దారు ఆఫీసులో ఉన్న రికార్డు ఒక వైపుదే. రెండో వైపు రికార్డు ఈ సంచుల్లో ఉంది. దయచేసి వాటిని జిరాక్స్ తీయించండి, తేదీ, వాడ పేరు రాసి పెట్టండి. అసలు కాగితాన్ని మాత్రం ఆ ఇంటివాళ్ళకే తిరిగి ఇచ్చేయండి.